ఎనభయ్యో నిమిషం

జట్టు ఒక్క గోలు ముందుందంటే ఓదెలుకి సంతోషం బదులు భయం పట్టుకునేది.

గోదావరిఖనిలో గని కార్మికుల ఫుట్‌బాల్ జట్టుకి అతను కోచ్ అయి రెండేళ్లు. ఆ రెండేళ్లలో మూడు మ్యాచ్‌లు చివరి పది నిమిషాల్లో చేజారాయి. మూడింట్లోనూ అప్పటిదాకా తన జట్టే ఒక గోలు ముందుంది. మూడింట్లోనూ ఓదెలు ఒకటే పని చేశాడు. ఎనభయ్యో నిమిషం రాగానే ముందు వరసలో ఆడేవాణ్ణి బయటికి పిలిచి, గోలు కాచే వరసలోకి ఇంకొకణ్ణి దింపాడు. శిక్షణ శిబిరంలో అతనికి నేర్పింది అదే.

తప్పెక్కడ జరుగుతోందో అంతుపట్టక ఇమ్మానుయేలు సారు ఇంటికి వెళ్లాడు. సారుకి డెబ్బై దాటాయి. ముప్ఫై ఏళ్లు గనిలో పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టిన మనిషి. షిఫ్టు దిగొచ్చి సాయంత్రాలు ఆట నేర్పేవాడు. ఓదెలుకి బంతిని తన్నడం నేర్పింది ఆయనే.

సారు పెరట్లో బీరతీగకి పందిరి కడుతున్నాడు.

"సారూ, ఒక్క గోలు మీదున్నప్పుడు చివర్ల ఎవర్ని తియ్యాలె, ఎవర్ని దింపాలె?"

"మ్యాచ్ ఎప్పుడు?"

"శనివారం. మంచిర్యాల వాళ్లతోని. గెలిస్తే రాష్ట్ర పోటీలకు పోతం, మనోళ్లు పోక పదకొండేండ్లాయె. ఓడితే నన్ను తీసేస్తమన్నరు కమిటీ వాళ్లు."

"వస్తా," అన్నాడు సారు. అంతే. మళ్లీ పందిరి ముడులు బిగించసాగాడు.

శనివారం ఆయన వచ్చి ఓదెలు పక్కన బల్ల మీద కూర్చున్నాడు. అరవై మూడో నిమిషంలో ముందు వరసలో ఆడే ఐలేశ్ గోలు కొట్టాడు. గ్రౌండ్ చుట్టూ జనం ఈలలతో లేచి నిలబడ్డారు. ఓదెలు మాత్రం చేతి గడియారం చూసుకున్నాడు.

డెబ్బై రెండు. మళ్లీ చూశాడు. డెబ్బై అయిదు. డెబ్బై ఎనిమిదికి బల్ల చివర కూర్చున్న రంజిత్‌ని పిలిచాడు.

"బూట్లు బిగించుకో. ఐలేశ్ బయటికొస్తడు, నువ్వు వెనక వరసల నిలబడు."

అప్పుడు సారు నోరు విప్పాడు. "ఓదెలూ, ఇందాకటి సంది వాళ్లు ఏ పక్కనుంచి వస్తున్నరు?"

ఓదెలు తలెత్తబోయి మళ్లీ గడియారమే చూసుకున్నాడు.

సారు చెయ్యి చాచాడు. "గడియారం ఇటియ్యి."

ఓదెలు విప్పి ఇచ్చాడు. సారు దాన్ని చొక్కా జేబులో వేసుకుని, పైన అరచెయ్యి ఆనించుకుని కూర్చున్నాడు.

అలవాటుగా ఓదెలు రెండుసార్లు మణికట్టు చూసుకున్నాడు. అక్కడ తెల్లటి చార తప్ప ఏమీ లేదు. ఇక చూడ్డానికి ఆట ఒక్కటే మిగిలింది.

ఐలేశ్ మధ్య గీత దగ్గర ఒంటరిగా నిలబడి ఉన్నాడు. అతని వెనకే ఇద్దరు మంచిర్యాల ఆటగాళ్లు. అతను రెండడుగులు పక్కకి వేస్తే వాళ్లూ రెండడుగులు వేస్తున్నారు. అతణ్ణి విడిచి ముందుకు రావడానికి వాళ్లకి ధైర్యం చాలడం లేదు. ఐలేశ్‌ని తీసేస్తే ఆ ఇద్దరూ మీదికొస్తారు.

ఓదెలు చూపు కుడిపక్కకి మళ్లింది. అక్కడ వెనక వరసలో కెప్టెన్ రాజమల్లు మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వంగి ఉన్నాడు. పొద్దుటి షిఫ్టు దిగి నేరుగా గ్రౌండ్‌కి వచ్చినవాడు. బంతి ప్రతిసారీ ఆ పక్కనుంచే వస్తోంది. పద్నాలుగేళ్లలో రాజమల్లు ఆట మధ్యలో బయటికి వచ్చింది లేదు. అతణ్ణి బయటికి రమ్మనే ధైర్యం లేకనే ఇంతసేపూ తను ఆ పక్క చూడలేదని ఓదెలుకి అప్పుడు తెలిసింది.

"రంజిత్, ఐలేశ్ కాదు," అన్నాడు. "రాజమల్లన్న."

జనం గోల పెట్టారు. "కెప్టెన్‌నే తీస్తడా! వీనికి మతి పోయిందా?"

రాజమల్లు చేతికున్న కెప్టెన్ పట్టీ విప్పి ఐలేశ్‌కి కట్టి, మెల్లగా నడిచి వచ్చి ఓదెలు కాళ్ల దగ్గర నేల మీద కూలబడ్డాడు. ఊపిరి తీసుకుని, ఇంకెవరికీ వినబడకుండా, "ఇంకొక్క ఉరుకు ఉరికితే పడిపోదును తమ్మీ," అన్నాడు.

మంచిర్యాల వాళ్లు ఎగబడ్డారు. ఒక బంతి గోలు పైకమ్మీకి తగిలి వెనక్కి వచ్చింది. రంజిత్ దాన్ని ఎత్తి దూరంగా తన్నాడు. ఐలేశ్ ఆ బంతి అందుకుని మూలకి పరుగెత్తాడు. అతని వెనకున్న ఆ ఇద్దరూ వెంట పడ్డారు. వాళ్ల మధ్య బంతిని కాళ్లకింద అదిమి పెట్టుకుని అతను అక్కడే తిరుగుతూ సమయం గడిపాడు.

"రంజిత్, లోపలికి జరుగు! ఇంకో రెండడుగులు!" అని ఓదెలు అరుస్తుండగా విజిల్ మోగింది. ఫౌల్ అనుకున్నాడు. తన వాళ్లు చేతులు పైకెత్తి పరుగెత్తుకుంటూ రావడం చూశాక గాని ఆట అయిపోయిందని తెలియలేదు.

జనం పలచబడ్డాక ఓదెలు వచ్చి సారు పక్కన కూర్చున్నాడు.

"అయితే సారూ, చివర్ల ముందు వరసోన్ని ఎన్నడూ తియ్యద్దన్నట్టేనా?"

సారు అతని భుజం ఆసరా చేసుకుని లేచాడు.

"వచ్చే మ్యాచ్‌ల అలిసేటోడు ఐలేశే కావచ్చు," అన్నాడు.