పొలిమేర దాటిన గాటు

వెలిచెర్ల రాజు కొండమరాజుకి కోపం వచ్చిందంటే ఓ కొత్త చట్టం పుట్టినట్టే. ఒకరోజు ఆయన కొత్త పట్టుపంచె కట్టుకుని వీధిలోకి వచ్చాడు. పక్కనుంచి ఎవడో రథం ఝామ్మని తోలుకుపోయాడు. గుంటలో బురద ఎగిరి సరిగ్గా రాజుగారి మీసాల మీద పడింది.

"ఊళ్ళో రథం ఉరికించినవాడి కొరడా కర్ర మీద గాటు పెట్టండి! మూడు గాట్లు పడితే కొరడా విరిచెయ్యండి! వాడు ఇక జన్మలో పగ్గం పట్టకూడదు!" అన్నాడు మీసం తుడుచుకుంటూ.

మొట్టమొదట దొరికినవాడు ఎవరనుకున్నారు? రాజుగారి సొంత సారథి గురవడు! ఏడాది తిరక్కుండా రెండు గాట్లు పడ్డాయి. రెండుసార్లూ రథంలో కూర్చుని "త్వరగా పోనీరా, ఆకలేస్తోంది" అన్నది రాజుగారే. కానీ చట్టంలో రాజుగారి ఆకలికి చోటు లేదాయె.

అప్పట్నుంచీ గురవడు నత్తకి దారిచ్చి మరీ తోలేవాడు.

ఇంతలో పొరుగున గుండవరం రాజుగారింట పెళ్ళి వచ్చింది. కానుకలు తీసుకుని అశ్వశాల అధికారి కోటప్ప నాయకుడు బయల్దేరాడు. తోడుగా రాజుగారికి ఆకూవక్కా అందించే తిప్పన్న వెళ్ళాడు. రథం తోలింది గురవడు.

గుండవరం కోటలో అడుగుపెట్టగానే ఉడుకుతున్న ఉలవల వాసన గుర్రాల ముక్కుకి తగిలింది. పొద్దుట్నుంచి కడుపులో గడ్డిపోచ లేదు, ఇక ఆగుతాయా? గురవడు పగ్గాలు ఎంత బిగించినా వినకుండా విడిదిదాకా ఉరికాయి. ఆ ఊళ్ళో రథం పల్లకీకన్నా వేగంగా పోకూడదట! అక్కడి భటులు గురవడి తప్పు తాటాకు మీద రాసి వెలిచెర్లకి పంపారు.

ఊరికి తిరిగొచ్చాక ఆ తాటాకు చూసి కోటప్ప పొంగిపోయాడు. రాజుగారి సారథి పదవిలో తన మేనల్లుణ్ణి కూర్చోబెట్టాలని ఆయన ఎన్నాళ్ళుగానో కాచుక్కూర్చున్నాడు. మర్నాడు నిండుసభలో తాటాకు గడగడా చదివేశాడు.

"మూడో గాటు పడింది ప్రభూ! ఇక కొరడా విరిచెయ్యడమే!"

గురవడు భోరుమన్నాడు. "ప్రభూ, ఆ రెండు గుర్రాల్నీ పాలు తాగే పిల్లలప్పట్నుంచి నేనే పెంచాను. పగ్గం పోతే నేను బతికుండీ ఏం లాభం?"

రాజుగారు ఇబ్బందిగా కదిలాడు. "కోటప్పా, అది మన ఊరు కాదు కదయ్యా?"

కోటప్ప మీసం దువ్వాడు. "తప్పుకి పొలిమేరలుంటాయా ప్రభూ? అక్కడ చేసింది ఇక్కడ చేసినట్టే!"

సభంతా తలూపింది. సభకి అంతకన్నా పనేముంది లెండి!

రాజుగారు నిట్టూర్చాడు. భటుడు గురవడి కొరడా లాక్కుని మోకాలికి ఆనించుకున్నాడు. అప్పుడు తిప్పన్న ఆకుల పళ్ళెం కింద పెట్టి లేచాడు.

"ఆగవయ్యా. నాయకులవారూ, నాదో చిన్న సందేహం. గుండవరంలో చేసింది వెలిచెర్లలో చేసినట్టేనా?"

"ముమ్మాటికీ!"

"ఎవరు చేసినా?"

"ఎవడు చేసినా! నా మాటంటే రాతి మీద గీత!"

తిప్పన్న రాజుగారికి దణ్ణం పెట్టాడు. "ప్రభూ, గుండవరం సభలో నాయకులవారు నిలబడి ఓ మాటన్నారు. నేను పక్కనే ఉన్నాను. ఇప్పుడు ఆ మాట కూడా ఇక్కడ, మీ ముందర అన్నట్టే."

"ఏమన్నాడు?" రాజుగారు ముందుకు వంగాడు.

కోటప్ప మొహం పాలిపోయింది. "అబ్బే... ఏదో మర్యాదకి..."

"మర్చిపోయినట్టున్నారు, నేను అందిస్తాను," అన్నాడు తిప్పన్న. "'మహాప్రభో, మీరు పున్నమి చంద్రులు. మీ ముందు మా కొండమరాజు మిణుగురు పురుగు. మీ గుమ్మంలో దివిటీ పట్టడానిక్కూడా పనికిరాడు.' ఇలా అని చక్కగా శాలువా కప్పించుకున్నారు."

ఈసారి తలూపాలో వద్దో సభలో ఎవరికీ తోచలేదు.

"మిణుగురు పురుగునా?" రాజుగారి మీసం పైకి లేచింది. "నా సభలో, నా మొహం మీద ఇంత మాటంటే శిక్షేమిటో తెలుసా కోటప్పా? తల తీయిస్తాను!"

కోటప్ప దబ్బున సాష్టాంగపడ్డాడు. "ప్రభూ! ప్రభూ! అది పరాయి ఊళ్ళో అన్న మాట! ఎక్కడిదక్కడే! పొలిమేర దాటాక దానికి ఇక్కడ విలువేమిటి ప్రభూ! దాన్ని ఇక్కడిదాకా మోసుకొస్తే నా బతుకేం కావాలి!"

తిప్పన్న వంగి, నేలమీదున్న ఆయన చెవి దగ్గర తీరిగ్గా అడిగాడు:

"అయితే గురవడి గాటు మాత్రం ఏ రథమెక్కి వచ్చింది నాయకులవారూ? రెండూ పొలిమేర అవతల ఉండాలా, రెండూ ఇవతలకి రావాలా? మీరే సెలవియ్యండి."

"అవతలే! రెండూ అవతలే!" కోటప్ప లేవకుండానే అరిచాడు. "ఆ కొరడా ఇచ్చెయ్యండయ్యా బాబూ! గురవడంత నిదానస్తుడు ముల్లోకాల్లో లేడు!"

రాజుగారి కోపం కాస్తా నవ్వైపోయింది. సభ గొల్లుమంది. గురవడు కొరడా గుండెకి హత్తుకుని, ఏడుస్తూనే నవ్వాడు.

"గుండవరం గాటు గుండవరంలోనే ఉండనీ!" అంటూ రాజుగారు చేతి కంకణం తీసి తిప్పన్నకి తొడగబోయి, ఎందుకో ఆగాడు.

"ఒరేయ్ తిప్పా, వాడు నన్ను మిణుగురు పురుగంటే పక్కనుండి నువ్వేం చేశావురా?"

"ఏం చెయ్యను ప్రభూ! వాళ్ళిచ్చిన తాంబూలం నోట్లో పెట్టుకున్నాను. మింగలేక, కక్కలేక, నేనూ తలూపాను!"

రాజుగారు పొట్ట పట్టుకుని నవ్వి, రెండో చేతి కంకణం కూడా తీసి ఇచ్చేశాడు.