సీతమ్మ చేతిలో పూలమాల

భ్రమరాంబ గారికి ఒక అలవాటుంది. హరికథ నేర్చుకునే శిష్యులు ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పరు. చిడతలు గుడ్డతో తుడుచుకుంటూ "చూద్దాంలే" అంటారు. అడిగినవాళ్లు ఆ సంగతే మరిచిపోయాక ఎక్కడో జవాబు దొరుకుతుంది. ఆవిడ పక్కన వయొలిన్ వాయించేవాణ్ణి గనక అలాంటివి చాలా చూశాను. ఈ ఒక్కటి తలుచుకుంటే మాత్రం నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

అడిగింది నాగలత. డిగ్రీ చదివిన పిల్ల. అంతవరకూ గురువుగారి వెనక నిలబడి వంత పాడటమే గానీ, కథంతా తానే చెప్పింది లేదు. ఆ శ్రీరామనవమికి పక్క ఊరి పందిట్లో సీతా కల్యాణం తన పేరు మీద చెప్పబోతోంది. దానికోసం ఏడాదిగా గొంతు అరగదీసుకుంది. మధ్యాహ్నం మేం పందిరికి చేరాం. కాసేపటికి కమిటీ పెద్ద వీర్రాజు గారు వచ్చి ఏదో చెప్పి వెళ్లారు. ఆ పిల్ల ముఖం కందగడ్డలా చేసుకుని కూర్చుంది.

"అమ్మగారూ, అడ్జస్ట్ అంటే అర్థం ఏంటండీ?" అని అడిగింది. "మా పుస్తకాల్లో కళ్లజోడు అడ్జస్ట్ చేసుకుంటారు, గడియారం అడ్జస్ట్ చేస్తారు, కుర్చీ ఎత్తు అడ్జస్ట్ చేస్తారు. ఇక్కడేమో ఎప్పుడు చూసినా నన్నే అవ్వమంటారు."

కోపం రాక ఏం చేస్తుంది? బట్టలు మార్చుకునే గది ఆర్కెస్ట్రా వాళ్లకి ఇచ్చేసి, కొంచెం అడ్జస్ట్ అవ్వమ్మా అన్నారు. టార్పాలిన్ చాటున చీర కట్టుకుంది. మంచి మైకు పాటలకి కావాలి, గరగరలాడే దాంతో అడ్జస్ట్ అవ్వమన్నారు. సరేనంది. ఇప్పుడు రెండు గంటల కథని అరగంటలో ముగించి దిగిపొమ్మంటున్నారు, ఆర్కెస్ట్రా త్వరగా మొదలవ్వాలట. ఇదంతా వీర్రాజు గారు నవ్వుతూనే చెప్పారు. ఆ నవ్వే నాకు గిట్టదు. తిట్టేవాణ్ణి తిరిగి తిట్టొచ్చు, నవ్వేవాణ్ణి ఏం చేస్తాం?

భ్రమరాంబ గారు చిడతలు తుడుచుకున్నారు. "చూద్దాంలే. ముందు భాగం వదిలెయ్. జనకుడి సభలో ఎత్తుకో. నీ నడకలోనే చెప్పు, ఒక్క మాట కూడా కుదించకు. టైమయిన చోట ఆపు," అన్నారు.

సాయంత్రం పందిరి నిండింది. ఆ ఊళ్లో ఒక ఆచారం ఉంది. నవమి నాడు కథలో శివుడి విల్లు సభకి రాగానే ఆడవాళ్లు గుప్పిట్లో అక్షింతలు పట్టుకుంటారు. సీతారాములకి తలంబ్రాలు పడేదాకా ఆ గుప్పిట విప్పరు, చాప మీంచి లేవరు. నాగలత గొంతు ఆ దిక్కుమాలిన మైకులో కూడా గంటలా మోగింది. రాముడు విల్లు విరిచాడు. సీతమ్మ పూలమాల పట్టుకుని నడిచి వచ్చింది, మాల ఎత్తింది. అరగంట అయింది. నాగలత చిడతలు ఆపింది.

"కమిటీ వారు ఇక్కడిదాకానే టైమిచ్చారు. సెలవు," అని నమస్కారం పెట్టి, వచ్చి గురువుగారి పక్కన కూర్చుంది.

ఆర్కెస్ట్రా వాళ్లు డ్రమ్ములు ఎత్తుకొచ్చారు. చాపల మీంచి ఒక్క ఆడమనిషీ కదల్లేదు. ముందు వరసలోంచి ఒక ముసలావిడ లేవకుండానే కేకేసింది. ఆవిడ వీర్రాజు గారి తల్లే.

"ఒరే ఈర్రాజూ, పెళ్లికూతుర్ని అలా నిలబెట్టేసి పాటలెట్టుకుంటావేంట్రా? నీ కూతురి పెళ్లి కూడా ఇలాగే చేత్తావా?"

ఆ వెనకే పందిరంతా గోల. వీర్రాజు గారు చెమటలు కక్కుకుంటూ మా దగ్గరికి పరిగెత్తుకొచ్చారు. ఆ నవ్వు ఎక్కడికి పోయిందో మరి. "ఎంత పని చేయించారండీ అమ్మగారూ. ఆ మాల కాస్తా వేయించెయ్యండి," అన్నారు.

భ్రమరాంబ గారు తల కూడా ఎత్తలేదు. "టైము మీరు పెట్టిందే కదా బాబూ. సీతమ్మనే కొంచెం అడ్జస్ట్ అవ్వమనండి."

ఆయన నోరు తెరిచారు. మాట రాలేదు. నిలబడి నిలబడి, మంచి మైకు తనే మోసుకొచ్చి వేదిక మీద పెట్టారు.

"ఇప్పుడు చెప్పు," అన్నారు భ్రమరాంబ గారు నాగలతతో. "దశరథుడు అయోధ్య నుంచి రావాలి. నలుగురు అన్నదమ్ముల పెళ్లీ కావాలి. తొందరేం లేదు."

నాగలత తొందరపడలేదు. ఆర్కెస్ట్రా వాళ్లు డబ్బాల మీద కూర్చుని పానకం తాగుతూ కథంతా విన్నారు. తలంబ్రాల దగ్గర గుప్పిళ్లన్నీ ఒక్కసారి విచ్చుకున్నాయి, ఆ పిల్ల జుట్టు నిండా అక్షింతలే. మంగళం పాడుతుంటే దాని కళ్ల వెంట నీళ్లు కారాయి. నాకూ కారాయి.

వేదిక దిగి గజ్జెలు విప్పుకుంటూ అడిగింది. "అర్థం చెప్పనే లేదు అమ్మగారూ."

భ్రమరాంబ గారు చిడతలు గుడ్డలో చుట్టి ముడి బిగించారు. ఆ బిగించిన తీరు చూస్తే ఆవిడ కోపం ఇంకా దిగలేదని తెలిసింది.

"సీతమ్మతో ఆ మాట అనమంటే ఆయనకి నోరు రాలేదు, చూశావుగా. నీతో అనడానికి ఎలా వచ్చిందో ఆలోచించుకో."