కన్ను తెరవని సీత

అనగనగా పెన్న ఒడ్డున ఒక ఊళ్ళో తోలుబొమ్మలాడించే ఇల్లొకటి ఉండేది. ఊఁ కొట్టాలి మరి, నువ్వు ఊఁ కొట్టకపోతే నా కథ నడవదు. ఆ ఇంట్లో రుక్కు అని నీ ఈడు పిల్ల. వాళ్ళ నాన్న తుల్జారావు మేకతోలు మీద బొమ్మలు గీసి చెక్కేవాడు. వాళ్ళ నాయనమ్మ, ఆ సీమలో జేజి అంటారులే, తెర వెనక కూర్చుని సీతమ్మకు గొంతిచ్చేది. ఆవిడ పాడితే రాయిలాంటి మగాళ్ళు కూడా తువ్వాళ్ళతో కళ్ళు తుడుచుకునేవాళ్ళట.

ఆ ఇంటికి ఒక కట్టుబాటు ఉంది. బొమ్మకు అన్నీ చెక్కి, రంగులన్నీ వేశాక, చిట్టచివర్న కన్ను చెక్కుతారు. చెక్కుతున్నంతసేపూ చెక్కేవాళ్ళు ఆ బొమ్మ పాట పాడాలి. కన్ను తెరిచాక అది తోలు కాదు, ఇంటి మనిషి. మనిషన్నాక ముసలితనం రాక తప్పదు కదా. చిరిగిపోయిన బొమ్మకు పసుపు కుంకుమ పెట్టి, పారే నీళ్ళలో సాగనంపి, తలకు పోసుకుని ఇంటికొస్తారు. పాత సీత నీళ్ళకు పోతేనే కొత్త సీతకు కన్ను.

అలా ఉండగా పాత సీత చిరిగిపోయింది. నాన్న కొత్త సీతను చెక్కి, కన్ను మాత్రం ఆపాడు. పెన్నలో చూస్తే చుక్క నీరు లేదు. మొదటి ఏడు రాలేదు. రెండో ఏడూ రాలేదు. మూడో ఏడు ఇసుక లారీలొచ్చాయి గానీ నీళ్ళు రాలేదు. సీతమ్మ లేని రామాయణం ఎవరు చూస్తారు? ఆటలు ఆగిపోయాయి. ఆ తర్వాత నాన్న పట్నం వాళ్ళకు ల్యాంపులు చేయడం మొదలుపెట్టాడు. తీగ గూటికి తోలు తొడిగి, లోపల బల్బు పెడతారే, అవి. వాటి మీద చిలకలూ లేళ్ళూ గీసేవాడు, మనుషుల్ని గీసేవాడు కాదు.

"నీళ్ళొస్తాయిలేవే. కొత్త సీతకు నీ చేత్తోనే కన్ను తెరిపిస్తా. నా పాటంతా ఆ పొద్దే నీకిస్తా" అనేది జేజి.

"ఇప్పుడే నేర్పు జేజీ!"

"కన్నే లేనిదానికి గొంతెట్టా ఇస్తావే?"

బళ్ళో పిల్లలు రుక్కును "బొమ్మలోళ్ళ పిల్లా" అని ఎక్కిరించేవాళ్ళు. రుక్కుకు తల కొట్టేసినట్టుండేది. అప్పుడు బళ్ళో 'మన సంస్కృతి' అని ఎగ్జిబిషన్ పెట్టారు. ఎవరూ చూడని ల్యాంపు చేసి అందరి నోళ్ళూ మూయించాలనుకుంది రుక్కు. నాన్న దగ్గరున్న తోలంతా పట్నానికే సరిపోయింది. అందుకని బొమ్మల పెట్టె తెరిచి పాత సీతను తీసింది. ఎలాగూ నీళ్ళలో పారేసేదే కదా అనుకుంది. ఆ పిల్లను తిట్టాలో, ఒళ్ళో కూర్చోబెట్టుకోవాలో నాకు ఇప్పటికీ తెలీదు.

మొదట చీర కుచ్చెళ్ళు కత్తిరించింది. ఆ తర్వాత చేతులు కత్తిరించింది. ఆ తర్వాత ముఖం కత్తిరించి, కన్ను సరిగ్గా బల్బు ముందుకొచ్చేలా తీగకు కుట్టింది. పనితనం తెలిసిన ఇంటి పిల్ల కదా, కుట్టు ఎక్కడా వంకర పోలేదు. మొదటి బహుమతి వచ్చింది. బడంతా చప్పట్లు కొట్టింది. హెడ్మాస్టరు ఆ ల్యాంపును తన గదిలో అద్దాల బీరువాలో పెట్టి తాళం వేశాడు.

వారం తిరక్కుండానే పైన ఎక్కడో వానలు పడి, పెన్నకు నీళ్ళొచ్చాయి. జేజి పళ్ళెంలో పసుపు కుంకుమ పెట్టుకుని పెట్టె తెరిచింది.

"సీతమ్మ యాడికి పోయిందే?"

రుక్కు చెప్పింది. జేజి కొట్టలేదు, తిట్టలేదు. "నీళ్ళు మూడు దినాలకంటే నిలవవు. పోయి తీసుకురా పో" అంది.

మొదటి రోజు వెళితే, "బహుమతి వచ్చిన వస్తువు బడిదమ్మా" అన్నాడు హెడ్మాస్టరు. రెండో రోజు వెళితే, "పెద్దాఫీసర్లు చూడ్డానికి వస్తున్నారు" అన్నాడు. మూడో రోజు రుక్కు వెక్కి వెక్కి ఏడ్చింది. ఆయన మంచివాడే, అదే వచ్చిన చిక్కు.

"ఊరుకోమ్మా. ఇది మన సంస్కృతి. ఎవరైనా నీళ్ళపాలు చేసుకుంటారా? ఇక్కడ భద్రంగా ఉంటుంది."

"సంస్కృతి కాదు సార్. మా ఇంటి మనిషి."

గదిలో ఉన్న టీచర్లు నవ్వారు. పిల్ల ముద్దుగా మాట్లాడిందనుకున్నారు. సాయంత్రానికి ఏట్లో మళ్ళీ ఇసుక తేలింది.

"పోనీలేమ్మా, కొత్తదానికి కన్ను తెరిచేద్దాం. ఎవురికి తెలుస్తాది?" అన్నాడు నాన్న జేజితో.

"పాతదాన్ని బల్బుకు తగిలించి, కొత్తదానికి కన్నిస్తావా? అది కన్ను తెరవంగానే ఏం జూస్తాదిరా?" అంది జేజి.

ఆ ఎండాకాలం జేజి కన్నుమూసింది.

మరుసటి ఏడు బడికి కొత్త హెడ్మాస్టరు వచ్చాడు. బీరువా ఖాళీ చేయిస్తూ, "ఈ పాత సామాను ఎవరిది? తీసుకుపోండి" అన్నాడు. అంతే, అంత సులువుగా ఇచ్చేశాడు. పెన్న కూడా ఆ ఏడు రెండు ఒడ్లూ ఒరుసుకుని పారింది. రుక్కు తీగలన్నీ విప్పి, సీతమ్మ ముక్కలు ఒక్కచోట చేర్చి, పసుపు కుంకుమ పెట్టి నీళ్ళలో వదిలింది. తలకు పోసుకుని ఇంటికొచ్చింది.

అప్పుడు నాన్న కొత్త సీతను ఆమె ముందు పరిచి, చేతికి ఉలి ఇచ్చాడు.

"పాడమ్మా" అన్నాడు.

రుక్కు నోరు తెరిచింది. జడలోంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి. జేజి పాటలో ఒక్క ముక్కా రాలేదు. ఎంతసేపు కూర్చున్నా రాలేదు.

కథ పోయె కంచికి,
కునుకు వచ్చె కంటికి,
నేర్వని పాట పోయె మంటికి,
నువ్వూ నేనూ ఇంటికి.