పళ్లెంలో కడిగిన మాట

పూర్వం పారశీక దేశంలో ఒకానొక రాజ్యాన్ని తుగాన్ సుల్తాన్ ఏలేవాడు. ఆయన కొలువులో ఖాజా జలీల్ అని ఒక పండితుడు. చదివింది గోరంత, మిడిసిపాటు కొండంత.

ఆ ఊళ్లోనే అర్దలాన్ అనే ముసలి కవి ముప్పై ఏళ్లు శ్రమపడి ఒక నీతికావ్యం రాశాడు. ఉన్నది ఒకే ప్రతి. దాన్ని తిరగేసి ఖాజా నిండుకొలువులో గుండెలు బాదుకున్నాడు.

"ఘోరం హుజూర్! మంచి తలపు, మంచి మాట, మంచి పని అంటాడు. ఇవి నిప్పును కొలిచే జరతుష్ట్ర మతం వాళ్ల బోధలు. ఆ రాతంతా కడిగించండి!"

ఆ కాలపు సిరా నీళ్లు తగిలితే పోయేది. సుల్తాన్ ఒక్క పుటైనా చదవకుండా తలూపాడు. నౌకర్లు రాగిపళ్లెంలో నీళ్లు తెచ్చారు. 'మాట ఇచ్చింది పగవాడికైనా సరే, తప్పవద్దు' అన్న పద్యం మొట్టమొదట కరిగిపోయింది. నల్లబడుతున్న నీళ్లను చూస్తూ ముసలాయన కన్నీళ్లు పెట్టుకున్నాడు.

అది చూసి మహ్యార్‌కు ఒళ్లు మండిపోయింది. అతను కొలువులో హాస్యగాడు. నెలకోసారి కోటకాపలా భటుల చేత ప్రమాణం చేయించే పని కూడా అతనిదే.

'నేనూ ఐదు పూటలా నమాజు చేసేవాణ్ణే. మంచి మాటకు పుట్టుకేదో ఆరా తీసి గెంటేయడం ఏం భక్తి? ముప్పై ఏళ్ల కష్టం నీళ్లపాలు చేస్తారా?' అని లోలోపల కుతకుతలాడాడు. అరిస్తే తల పోతుంది, పుస్తకమూ దక్కదు. అదృష్టం కొద్దీ ఆ రోజు ప్రమాణాల రోజు.

"హుజూర్, మిగతాది కడిగేలోగా భటుల పని ముగిద్దాం," అన్నాడు.

నలభైమంది భటులు ఈటెలతో వరసగా నిలబడ్డారు. "సుల్తాన్‌ను ప్రాణమిచ్చి కాపాడతాం," అన్నారు. మహ్యార్ చెయ్యెత్తి ఆపేశాడు. "చాలు, ప్రమాణం అయిపోయింది."

సుల్తాన్ ఉలిక్కిపడ్డాడు. "రెండో సగం ఏదీ? 'ఇచ్చిన మాట తప్పం' అని ఎప్పటిలా చెప్పించలేదేం?"

"అది ఆ పళ్లెంలో ఉంది హుజూర్."

సుల్తాన్ నలభై ఈటెల వంకా చూశాడు. చెయ్యి దానంతటదే మెడ మీదికి పోయింది.

"చెప్పించకపోతేనేం? వీళ్లు ఎటూ మాట మీద నిలబడతారు," అని ఖాజా గొణిగాడు.

"ఎందుకు నిలబడాలి ఖాజా గారూ?" మహ్యార్ కోపంగా పళ్లెం వైపు వేలు చూపించాడు. "అది పరాయి మతం బోధ అని ఇప్పుడే కదా సెలవిచ్చారు! మీరే వద్దన్న నీతి మీ కాపలాకు మాత్రం కావాలా?"

సుల్తాన్ పగలబడి నవ్వాడు. "గెలిచావయ్యా మహ్యార్! ఏం కావాలో కోరుకో."

"మిగతా పుస్తకం కడగడం ఆపించండి. కడిగిన పద్యం ఖాజా గారు స్వహస్తాలతో తిరిగి రాయాలి. అర్దలాన్ గారు చెబుతారు."

ఖాజా ముఖం కందగడ్డలా అయింది. అయినా కింద చతికిలబడి కలం పట్టక తప్పలేదు. ముసలాయన కన్నీళ్లు తుడుచుకుని, ఒక్కో మాటా నింపాదిగా చెప్పసాగాడు. ప్రమాణం సగంలో ఆగిన భటులు ఇంకా అలాగే నిలబడి ఉన్నారు. వాళ్ల వంక ఓరగా చూస్తూ, ఖాజా పక్కన సిరాబుడ్డి పట్టుకుని సుల్తానే నిలబడ్డాడు.