ఎంగిలి తత్వం

పెన్న ఒడ్డున మఠంలో భీమేశ్వరస్వామికి ఒక పద్ధతి ఉండేది. కొత్త తత్వం కడితే ఒక్క శిష్యుడి చెవిలోనే, ఒక్కసారే పాడేవాడు. మిగిలినవాళ్లు ఆ శిష్యుడి నోట నేర్చుకోవాలి. ఎన్నో ఏళ్లుగా ఆ చెవి గంగాధరుడిదే. స్వామి గొంతు పోతున్నదనీ, ఇక ఇదే ఆఖరి తత్వమనీ అందరికీ తెలిసిన రోజున మాత్రం ఆయన నిన్నగాక మొన్న వచ్చిన ఓబన్నను దగ్గరికి పిలిచాడు.

ఇంకేముంది, గంగాధరుడి కడుపు భగ్గుమంది. ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని పెద్దలు ఊరికే అన్నారా? ఆనాటినుంచీ ఓబన్న తిన్నా తప్పే, నవ్వినా తప్పే. పాపం వాడు "అన్నా, రా, మరిచిపోకముందే నీకు చెప్తా" అని వెంటపడితే, ఆ పిలుపు కూడా వెక్కిరింపుగానే వినబడింది ఈయనగారికి. కుళ్లి కుళ్లి, చివరికి మూట కట్టుకుని స్వామి ముందు నిలబడ్డాడు.

"స్వామీ, నా వెనక వచ్చినవాడి ఎంగిలి నేనెందుకు తినాలి? మీరే నా చెవిలో పాడండి. లేదా సెలవిప్పించండి."

స్వామి అరుగు మీద కూర్చుని, గోడవారన బెల్లంముక్కకు బారులు తీరిన చీమల్ని చూస్తున్నాడు. వాటి మీంచి చూపు తిప్పలేదు. తనకన్నా చీమలే ఎక్కువయ్యాయని గంగాధరుడికి వాటి మీద కూడా ఈర్ష్య పుట్టింది. బొటనవేలు తడి చేసి ఆ బారును అడ్డంగా తుడిచేశాడు.

చీమలు గోడ అడ్డొచ్చినట్టు ఆగిపోయాయి. మీసాలు ఆడిస్తూ అటూ ఇటూ తడుముకున్నాయి.

"ముందు పోయినది నేల మీద వాసన వదిలితే, దాన్ని పట్టుకుని వెనకది పోతుంది నాయనా," అన్నాడు స్వామి. "నువ్వు తుడిచింది అదే. ఇప్పుడు చూడు."

బెల్లం వైపునుంచి పొట్ట నిండిన చీమ ఒకటి తడబడుతూ ఇవతలికి వచ్చింది. ఖాళీ పొట్టది ఎదురొచ్చి దాని మూతిని మీసాలతో తట్టింది. నిండినది నోరు తెరిచింది. మెరిసే చుక్క ఒకటి ఈ నోట్లోంచి ఆ నోట్లోకి పోయింది. తిన్నది ఊరుకుందా, పక్కదాని నోటికి అందించింది. అది ఇంకోదానికి. బెల్లం మొహమే చూడని చీమలకు కూడా అలా అందుతూనే ఉంది. గంగాధరుడు మూట చంకలో పెట్టుకునే, వంగి వంగి చూశాడు.

"చివరిదానికి అందేది కూడా తీపేనా స్వామీ?" అన్నాడు. కడుపులో మంట ఇంకా ఆరలేదు.

స్వామి బొంగురుగా నవ్వాడు.

"మా గురువు నా చెవిలో ఒక్క తత్వమూ పాడలేదు. అన్నీ నా వెనక వచ్చినవాడి నోటే నేర్చుకున్నాను. ఇన్నేళ్లూ నా దగ్గర తిన్నవాడివి నువ్వు. తీపో కాదో నన్నడుగుతావేం?"