బానల్లో పిల్లలు

అనగనగా ఒక ఊళ్ళో, ఏటి ఒడ్డున, గవరమ్మ అని ఒక కుమ్మరి కోడలు. కాళ్ళు లోపల పెట్టుకోండర్రా, దుప్పటి అందరికీ చాలాలి. ఆ ఊరి రాజుకీ పక్క రాజుకీ పడలేదు. ఎందుకంటే నాకేం తెలుసు, వాళ్ళకే తెలీదు. రాజులకి కోపమొస్తే గుర్రాలొచ్చాయి, గుర్రాలొస్తే చేలు పోయాయి, చేలు పోతే కుండలో గింజ పోయింది, గింజ పోతే పిల్లల మొహాల్లో కళ పోయింది.

రేపో మాపో ఊరు తగలబెడతారని కబురొచ్చింది. ఏరు దాటితే గవరమ్మ పుట్టిల్లు, అక్కడ యుద్ధం లేదు. కానీ రేవులో శత్రువుల కాపలా. పిల్లలు దొరికితే పట్టుకుపొమ్మని వాళ్ళ రాజు హుకుం. కుండల బండిని మాత్రం వదిలేసేవారు, వాళ్ళకీ వంటకి కుండలు కావాలి మరి.

గవరమ్మ పెద్ద పెద్ద బానలు బండికెత్తించింది. తల్లులు పిల్లల్ని తెచ్చి బానకొకరిని దింపారు. బాన దొరకని తల్లుల మొహం చూడలేక గవరమ్మ ఎద్దుల్నే చూస్తూ నిలబడింది. చిట్టచివరి బానలో తన కూతురు నూకాల్ని కూర్చోబెట్టింది. పైన గడ్డి కప్పి, ముందు వరసలో పిల్లలు పట్టని చిన్న బానలు ఖాళీగా పెట్టింది.

లోపల చీకటి కదా, పిల్లలు ఏడుపు లంకించుకున్నారు. ఏం చేస్తుంది? బండి పక్కన నడుస్తూ కథ ఎత్తుకుంది. ఈ బానలోంచి ఊ, ఆ బానలోంచి ఊ. ఊ వినపడితే పిల్లలు క్షేమమని ఆవిడకి ధైర్యం. మీరూ కొడుతున్నారా? ఆ, కొట్టండి.

రేవు దగ్గరికొచ్చాక, ఇంక ఎవరేమన్నా నోరు విప్పొద్దని మరీ మరీ చెప్పింది. మిట్టమధ్యాహ్నం, ఎండ మండిపోతోంది. కాపలావాడు ముందు బానల్లో చెయ్యి పెట్టి చూశాడు. ఖాళీ. వెనకవి దింపించే ఓపిక లేదు, అనుమానమూ తీరలేదు. వాడికీ పిల్లలుండే ఉంటారు, లేకపోతే ఆ ఎత్తు ఎలా తోస్తుంది? తీరిగ్గా బండి నొగ మీద కూర్చుని, "అనగనగా ఒక రాజు" అన్నాడు.

గవరమ్మ ఎద్దు మెడ నిమురుతూ నిలబడింది. ఒక్క బానా పలకలేదు.

"ఆ రాజుకి ఒక్కతే కూతురు" అన్నాడు వాడు.

"ఊ" అంది నూకాలు.

నిద్రమత్తులో ఉంది పాపం. దాని తప్పేముంది, తల్లి నేర్పిందే.

వాణ్ణి వెతకనిస్తే అందరూ దొరికిపోతారు. అందుకని గవరమ్మే గడ్డి లాగి పిల్లని బయటికి తీసింది. ఇదొక్కతే ఉంది, నా కూతురు, పుట్టింట్లో దిగబెడదామని తీసుకెళుతున్నానని వాడి కాళ్ళ మీద పడింది. వాడు కరగలేదు. కావాలంటే నువ్వూ పిల్లతో ఉండిపో, బండి ఇక్కడే వదిలెయ్యమన్నాడు.

ఉండిపోవాలనే ఉంది ఆవిడకి. ఏ తల్లికుండదు? కానీ బండి ఆగితే బానలన్నీ దింపుతారు.

"నూకా, మావయ్య కథ చెబుతాడు. ఊ కొడుతూ ఉండమ్మా, నేనొచ్చేస్తా" అని ఎద్దుల్ని అదిలించింది.

ఇంకెవరైనా పలుకుతారేమోనని వాడు ఒడ్డున నిలబడి కథ సాగదీస్తూనే ఉన్నాడు. నూకాలు వాడి చంకలో కూర్చుని ఊ కొడుతూనే ఉంది. అది కొడుతుంటే మిగతా పిల్లలకి కొట్టాల్సిన పని లేకపోయింది. బండి ఏట్లో దిగి నీళ్ళ చప్పుడు కమ్మేసేదాకా ఆ గొంతు గవరమ్మకి వినపడింది. వెనక్కి తిరిగి చూడలేదు.

అవతల ఒడ్డున పిల్లలందరూ దిగారు. యుద్ధమయ్యాక, బతికున్న తల్లులొచ్చి ఎవరి పిల్లల్ని వాళ్ళు తీసుకెళ్ళారు. గవరమ్మ రేవుకి పరిగెత్తింది. కాపలా లేదు, సైన్యం లేదు, పొయ్యిరాళ్ళు మిగిలాయంతే. ఎన్ని ఊళ్ళు తిరిగినా పిల్ల జాడ లేదు. ముసలిదయ్యాక కూడా రేవులో కూర్చుని అనగనగా అనేది, ఆగేది, చెవి ఒగ్గి వినేది.

దొరికిందని చెప్పమంటారా? నాకూ చెప్పాలనే ఉంది, చెప్పలేనర్రా. చిన్నప్పుడు మా అమ్మమ్మని నేనూ అడిగాను, ఆవిడా చెప్పలేదు.

కథ కంచికి పోయింది. మనకి ఎక్కడికీ పోయే పని లేదు, ఇంట్లోనే ఉన్నాం. పడుకోబోయే ముందు ఒక్కొక్కళ్ళూ ఊ అనండి, వింటాను.