పీరమ్మ జడ వేసిన తొమ్మిది రోజులు

సయ్యద్ నూహు సాహెబుకు ఒక అలవాటుండేది. శిష్యులెవరైనా చిక్కు ప్రశ్న వేస్తే, విననట్టు మొహం పెట్టి మళ్లీ అడగమనేవారు. రెండోసారికి సగం ప్రశ్నలు నీరుగారిపోయేవి. పెన్న ఒడ్డున గురువూ శిష్యులూ కలిసి బతికే ఆ చిన్న ఖాన్‌కాలో ఈ సంగతి అందరికీ తెలిసిందే. హుసేనప్ప ప్రశ్న మాత్రం రెండోసారికి ఇంకా పదునెక్కింది.

హుసేనప్ప దూదేకుల ఇంటివాడు. పదకొండేళ్లుగా గురువు దగ్గరే ఉన్నాడు. అతను ఖురాను చదువుతుంటే దారినపోయేవాళ్లు కూడా ఆగి వినేవారు. వినడం వరకే. కిందటి శుక్రవారం గురువు జ్వరంతో పడుకుని నమాజు చేయించలేకపోతే, ఊరిపెద్దలు హుసేనప్పను ముందు నిలబడనివ్వలేదు. దూది ఏకేవాడి కొడుకు వెనక మేం నిలబడాలా అని మొహమాటం లేకుండా అనేసి, పొరుగూరి నుంచి ప్రవక్త వంశంవాడని ఒక సయ్యదును పిలిపించుకున్నారు. ఆ వచ్చినాయన రెండు చోట్ల తప్పు చదివాడు. ఎవరూ పట్టించుకోలేదు.

 ఐదో రోజు పొద్దున హుసేనప్ప బట్టలు మూటగట్టుకుని గురువు ముందుకొచ్చి నిలబడ్డాడు.

"సామీ, గోరీలోకి పోయాక అందరూ ఒకటే అంటారు. అప్పటిదాకా ఆగాల్సిందేనా నేను?"

మళ్లీ అడుగు, అన్నారు గురువు. అడిగాడు. మాట మెత్తబడలేదు. గురువు అతన్ని కూర్చోమని, ఔననీ కాదనీ అనకుండా తన తల్లి సంగతి ఎత్తుకున్నారు.

ఆయనకు ముప్పై ఏళ్లప్పుడు ఆ ఊళ్లో చనిపోయిన ఆడవాళ్లకు చివరి స్నానం చేయించేది పీరమ్మ. తాతల నాడే కలిమా చదివి ఇస్లాం దీనులో చేరిన కుటుంబం. చేరినా వాళ్లకు దొరికిన పని అదే. గడప దాటని గొప్పింటి ఇల్లాళ్లు కూడా ఆఖరికి ఆమె చేతుల్లోకే రావాలి. బతికుండగా మాత్రం ఆమె ఎదురైతే పైట మొహానికి అడ్డం పెట్టుకుని పక్కకు తప్పుకునేవారు. పెళ్లికి పిలవరు, పసిబిడ్డను ఎత్తుకోనివ్వరు. వెచ్చటి మనిషిని ఒక్కసారి తాకాలని ఆ చేతులు ఎంత తపించిపోతాయో ఎవరికీ తట్టలేదు.

నూహు సాహెబు తల్లి జబ్బుపడి మంచం దిగలేని స్థితికి వచ్చింది. ఒక మధ్యాహ్నం కొడుకును పిలిచి, పీరమ్మను పిలిపించమంది. ఇంట్లో ఆడవాళ్లు గొల్లుమన్నారు. ప్రాణం ఉండగానే ఆమె చేత గడప తొక్కిస్తారా అన్నారు. కొడుకూ వద్దనే అన్నారు. అప్పటికే ఆయనకు మనుషులంతా సమానమన్న విషయం మీద బ్రహ్మాండంగా ప్రసంగిస్తారని పేరు. ఈ మాట చెప్పేటప్పుడు గురువు కొంచెం నవ్వారు. తల్లి మాత్రం పట్టు విడవలేదు. రేపు నా ఒళ్లంతా ఆమె చేతుల్లోనే పెడతారు కదా, ఇవాళ తల దువ్వించుకుంటే ఏం పోయింది అంది.

పీరమ్మ వచ్చింది. చనిపోయినవాళ్ల జుట్టు దువ్వకూడదు. రెండు పాయలు చేసి గుండెల మీద వేయాలి, అంతే. ముప్పై ఏళ్లుగా ఆమె చేతికి వచ్చిన పరాయి తలలన్నీ అలాంటివే. దువ్వెన ఇస్తే దాన్ని ఎలా పట్టుకోవాలో తెలియనట్టు చూసింది. తర్వాత మెల్లగా చిక్కు తీయసాగింది. ముసలామె నొప్పికి తల కదిపితే ఉలిక్కిపడి చేతులు వెనక్కి తీసుకుంది. అంతా దువ్వాక, అలవాటైన పని చేతులు వాటంతట అవే చేసేశాయి. జుట్టు రెండు పాయలు చేసి ముసలామె గుండెల మీద వేసింది.  తను చేసింది చూసుకుని పీరమ్మ కొయ్యబారిపోయింది. ముసలామె ఆ రెండు పాయలూ తీసి తిరిగి ఆమె చేతుల్లో పెట్టింది.

"ఇంకా కాదులే పీరమ్మా. జడ వెయ్యి."

పీరమ్మ ఏడుస్తూ జడ వేసింది. మర్నాటి నుంచి ఎవరూ పిలవకుండానే వచ్చేది. తొమ్మిది రోజులు అలా సాగింది. పదో రోజు మాత్రం కబురు పంపాల్సి వచ్చింది. ఆ రోజు స్నానం చేయించి, జుట్టు రెండు పాయలు చేసి గుండెల మీద వేశాక, ఎవరైనా తిరిగి చేతికిస్తారేమో అన్నట్టు ఆమె చాలాసేపు అక్కడే కూర్చుండిపోయిందని ఆడవాళ్లు చెప్పుకున్నారు.

హుసేనప్ప మూట ఒళ్లో పెట్టుకుని వింటున్నాడు. మరి మీరేం చేశారు సామీ అని అడిగాడు.

ఈసారి మళ్లీ అడగమనలేదు గురువు. ఆ తొమ్మిది రోజులూ తాను వాకిట్లోనే ఉన్నానన్నారు. పీరమ్మ తల వంచుకుని వచ్చి పోతుంటే, కాసేపు కూర్చో అమ్మా అనాలనిపించేదట. ఇంట్లోవాళ్లు కాస్త అలవాటు పడనీ, రేపు అందాంలే అనుకునేవారట. తల్లి పోయాక పీరమ్మ మళ్లీ ఆ గడప ఎక్కలేదు. రెండేళ్లకు ఆమె కూడా పోయింది. ఇప్పటికీ వీధిలో ఏ ముసలమ్మ తల వంచుకుని పోతున్నా ఆ మాట నోటిదాకా వస్తుందని చెప్పి, గురువు కళ్లు తుడుచుకున్నారు.

"మొన్న శుక్రవారం పెద్దలన్న మాటలు గోడకు ఇవతల నాకూ వినపడ్డాయి. లేద్దామనుకున్నాను. నువ్వెన్నాళ్లు ఆగాలో నాకు తెలియదు నాయనా. నేను మాత్రం ఆగి చెడ్డాను."